కౌన్సిలరప్ప ధైర్యం

జీపు చప్పుడు వినిపిస్తే చాలు, సుంకమ్మ చేతిలోని నూలు కండె జారి కిందపడుతోంది.

పొద్దున్నుంచీ ఇదే వరస. రాట్నం ముందు కూర్చుందన్న మాటే గానీ, ఏం చుడుతోందో ఆమెకే తెలీదు. వీధిలో పాల ఆటో పోయినా పోలీసులే వచ్చారనిపిస్తోంది. పక్కన చాప మీద చంటిపాప నిద్రపోతోంది. 

అంతా ఆ చెత్త పన్ను తెచ్చిన తంటా. మేడలున్న వాళ్లకూ, మగ్గం తప్ప మరేమీ లేనివాళ్లకూ ఒకటే పన్నన్నారు. పోనీ చెత్తబండి వస్తుందా అంటే, ఈ మగ్గాల వీధికి అది వచ్చేది అమావాస్యకో పున్నానికో! కట్టలేదని ముసలి గిడ్డమ్మ ఇంటి కుళాయి కోసేశారు. దాంతో మునిసిపల్ కౌన్సిలు భగ్గుమంది. పేదల వార్డుల్లో ఈ పన్ను ఎవరూ కట్టొద్దని తీర్మానం చేసింది. పైనుంచి ఎంత బెదిరించినా సభ్యులు ఎత్తిన చేతులు దించలేదు.

ఇప్పుడు చేతులెత్తిన వాళ్లందరి మీదా కేసు. జనాన్ని రెచ్చగొట్టారట! నిన్ననే పక్క వార్డు సభ్యుణ్ణి పట్టుకుపోయి కడప జైల్లో వేశారు. ఇవాళ ఈ వార్డు వంతని అందరికీ తెలుసు.

వీధి వీధంతా రామలింగప్ప అరుగు ముందే ఉంది. కుళాయి రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా, "కౌన్సిలరప్పా" అంటూ అందరూ వచ్చేది ఆయన దగ్గరికే. మనిషికి మైకు దొరికితే ఒళ్లు తెలీదు. ఇవాళ మైకు లేకపోయినా ఏం తగ్గలేదు.

"రానీండప్పా పోలీసోళ్లను! జైలంటే ఎవురికి భయం? మీ కోసం ఈ ఇల్లు దేనికైనా సిద్ధంగా ఉండాది!"

జనం ఈలలు వేశారు. ఎవరో బంతిపూల దండ తెచ్చి ఆయన మెడలో వేశారు. లోపలినుంచి సుంకమ్మ తొంగిచూసింది. ఏం మనిషమ్మా ఈయన! పెళ్లికి పోతున్నట్టు ఆ హుషారేమిటి!

జైలు ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు. పోలీసుస్టేషను మెట్లు కూడా ఎప్పుడూ ఎక్కినది కాదు. రాత్రంతా ఇనుప తలుపు మూసుకున్న చప్పుడే చెవుల్లో.

అంతలో మునిసిపల్ ఆఫీసు అటెండరు మహానంది వచ్చాడు. ఆ వీధివాడే. రామలింగప్పను ఇంట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"అప్పా, కమిషనరు సారు చెప్పి పంపినాడు. తెలీక చెయ్యెత్తినా అని వచ్చి ఒక్క మాట చెప్తే సాలంట. కేసులోంచి పేరు తీసేపిస్తాడంట. బిరీన పోవాల."

సుంకమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గబగబా చెప్పులు వెతుక్కుంది.

"పోదాం పదయ్యా. నీ కాళ్లు మొక్కుతా. ఒక్క మాటే కదా."

"నోరు మూసుకో! ఆ మాట చెప్పినాక ఊర్లో నేను తలెత్తుకోని తిరగాలంటావా, వద్దంటావా?"

"నాకు శానా భయంగా ఉండాదయ్యా. బిడ్డ మొగమన్నా సూడు."

"బిడ్డకేం, బాగానే ఉంటాది."

"నువ్వు రాకుంటే పాయ. నేనే పోయి చెప్పొస్తా."

"గడప దాటినావంటే కాళ్లిరగ్గొడతా!" రామలింగప్ప కళ్లెర్రజేశాడు. "మాట మీద నిలబడే ఇల్లని ఇప్పుడిప్పుడే పేరొస్తాండాది. మన్ను పోస్తావా దాంట్లో?"

మహానంది ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల దించుకుని వెళ్లిపోయాడు. రామలింగప్ప మళ్లీ అరుగెక్కాడు. మళ్లీ ఈలలు.

పాప లేచి ఏడ్చింది. సుంకమ్మ ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది. రేపీపాటికి ఈ ఇల్లెలా ఉంటుందో అనుకునేసరికి కళ్లు మసకబారాయి. "చౌడమ్మ తల్లీ, ఈ గండం దాటించు" అని గోడ మీది పటానికి మొక్కుకుంది.

గిడ్డమ్మ కర్ర తాటించుకుంటూ లోపలికి వచ్చి పక్కన చతికిలబడింది.

"మా కోసమే కదమ్మా ఈ కష్టమంతా. నీ కడుపు సల్లగుండ."

ఆ ముసలిదాని చేయి పట్టుకుని సుంకమ్మ బావురుమంది. చెయ్యెత్తడం తప్పని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. గిడ్డమ్మ కుళాయి కోసిన వాళ్లదే తప్పు. అయినా భయం భయమే కదా! న్యాయం మన వైపు ఉందని చెప్తే కాళ్ల వణుకు ఆగుతుందా?

ఈసారి నిజంగానే జీపు వచ్చింది.

ఈలలు ఆగిపోయాయి. జనం తప్పుకుని దారిచ్చారు. రామలింగప్ప దండ సర్దుకున్నాడు, మీసం దువ్వుకున్నాడు. ఫోన్లలో వీడియో తీస్తున్న వాళ్ల వైపు ఒకసారి చూసి, ఠీవిగా అరుగు దిగి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

"వేయండి సంకెళ్లు!"

సుంకమ్మ పాపను గుండెలకు అదుముకుని, గుమ్మం పట్టుకుని నిలబడింది. 

జీపు దిగిన మహిళా ఎస్సై ఆయన చేతులను పక్కకు నెట్టి, నేరుగా గుమ్మం దగ్గరికి వచ్చి, "కౌన్సిలరు సుంకమ్మంటే నువ్వే కదమ్మా, బిడ్డను మీ ఆయన చేతికిచ్చి బండెక్కు" అంది.