కుంటి పొట్టేలు

"నా మంద కాళ్లు కుళ్లబెట్టింది నువ్వే! నువ్వూ, నీ కుంటి పొట్టేలూ!"

వదిన అరుపుకు దొడ్డి రేకులు అదిరాయి. మరిది పొట్టేలు మెడ కావలించుకుని నిలబడ్డాడు. గేటు దగ్గర కసాయి తాడు చేతికి చుట్టుకుంటున్నాడు. అతన్ని పిలిపించింది ఆవిడే. ముందు శిక్ష, తర్వాత విచారణ. బలమున్న నోటికి ఎప్పుడూ ఇదే న్యాయం.

"ఇది వచ్చాకే నా గొర్రెలు కుంటడం మొదలెట్టాయి. ఇదీ కుంటుతోంది. ఇంకేం రుజువు కావాలి?"

"విడిగా కట్టాను కదా వదినా! నీ దొడ్డిలో కాలైనా పెట్టలేదు."

"నీళ్ల తొట్టి ఒకటేగా! రోగానికి నడక రాదనుకున్నావా?"

దొడ్డిలో గొర్రెలు ముందరి మోకాళ్ల మీద వాలి గడ్డి కొరుకుతున్నాయి. గిట్టల సందుల్లో చీము. ముక్కు పగిలే కంపు. నిజంగా తన పొట్టేలే తెచ్చిందా? మరిది దాని మెడ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఊరూరా తిరిగి ఏరి తెచ్చుకున్న జీవం. ఇది పోతే ఈ ఏడు తన మందలో గొర్రెపిల్ల అరుపు వినపడదు.

"త్వరగా తేల్చండి, అవతల నాకు పనుంది," అన్నాడు కసాయి.

"ఆగవయ్యా! కాలెత్తి చూడకుండానే కోతకు పంపేస్తామా?"

మరిది పొట్టేలును పిర్రల మీద కూలేసి, కుంటే కాలు పట్టి గిట్టల మధ్య విడదీశాడు. ముక్కు ఆనించి వాసన చూశాడు.

"వదినా, ఇటు రా. నువ్వే చూడు."

ఆవిడ ముక్కు మూసుకునే వంగింది. మెల్లగా చెయ్యి తీసింది. కంపు లేదు. చీము లేదు. గిట్టల సందున ఇరుక్కున్న ముల్లు.

"ముల్లా!"

"ముల్లే!" మరిది ఆ బురదలోనే చతికిలబడి పగలబడి నవ్వాడు. గుండె మీది బండ దిగిపోయింది.

"ముల్లు తియ్యడానికా నన్ను పిలిచారు?" కసాయి తాడు భుజాన వేసుకుని విసవిసా వెళ్లిపోయాడు.

వదిన గొంతు మెత్తబడింది. "పోనీలేవయ్యా, నోరు జారాను. కదలనీకు, ముల్లు నేనే తీస్తా." నడుమున దోపిన కత్తి లాగి గోనెపట్టాకు తుడిచింది. "నా చెయ్యి తేలిక. ఆ మధ్య ముసలిగొర్రె గిట్టకు చీము పడితే చెక్కి, ఆ ఊపులోనే మందంతటికీ గిట్టలు చెక్కేశాను. ఒక్క మొండిదే తన్ని పారిపోయింది."

మరిది నవ్వు ఆగిపోయింది. దొడ్డిలోకి చూశాడు. మందంతా మోకాళ్ల మీదుంది. మొండిది ఒక్కటే నాలుగు కాళ్లా గెంతుతూ గేటును కుమ్ముతోంది.

"మధ్యలో ఆ కత్తి కడిగావా వదినా?"

"కడగడమెందుకు? తుడిచాగా!"

మరిది పొట్టేలు కాలు గభాలున వెనక్కి లాక్కున్నాడు.

"మందుకు లొంగే రోగమే, నీ మంద బతుకుతుంది. కానీ రోగం మోసింది నా పొట్టేలు కాదు, నీ చేతిలో కత్తి! ముందు దాన్ని మరిగే నీళ్లలో పడెయ్!"