జీడితోటలో కోట

"ఒరే, దిగరా ముందు! ఆ కొమ్మ ఇరిగిందంటే నీ కాలు ఇరగ్గొడతాను!"

సత్తిరాజు అరుపుకి జీడిమామిడి చెట్టు మీది కుర్రాడు జారి కింద పడ్డాడు. పడ్డవాడు దెబ్బ చూసుకోకుండా ఫోను చూసుకున్నాడు. సత్తిరాజు వాడి చొక్కా పట్టుకుని నిలబెట్టాడు. నిజానికి వాణ్ణి నిలబెట్టాడో, వాణ్ణి పట్టుకుని తాను నిలబడ్డాడో చెప్పడం కష్టం. పొద్దుటి నుంచీ తోటలో కుర్రాళ్ళని తరిమి తరిమి మోకాళ్ళు రెండూ ఇక మావల్ల కాదనేశాయి.

"ఎవుల అబ్బాయివిరా నువ్వు?"

"నర్సీపట్నమే బాబాయ్. నా పేరు వాసు. డిగ్రీ సదువుతున్నాను. ఒక్క నిమిషం వదులు, భూతం పారిపోద్ది."

"నా తోటలో భూతమేటిరా?"

వాసు ఫోను చూపించాడు. అందులో నాతవరం రోడ్డు ఉంది. రోడ్డు పక్క కాలవ ఉంది. కాలవ పక్క సత్తిరాజు తోట ఉంది. తోట నడిమధ్యలో మాత్రం, తాతల నాటి నుంచీ ఎన్నడూ లేని నీలంరంగు కోట ఒకటి లేచింది. దాని చుట్టూ కొమ్ముల భూతాలు గెంతుతున్నాయి.

"ఆట బాబాయ్. మ్యాపులో రోడ్డూ తోటా నిజమే, కోటే ఉత్తిది. ఇక్కడికొచ్చి నిలబడితేనే భూతం దొరుకుద్ది. ఆడేవోళ్ళు ఎవలైనా నచ్చిన చోట కోట ఎట్టుకోవచ్చు. ఎవలో మీ తోటలో ఎట్టీసారు."

సత్తిరాజుకి ఏడుపొచ్చింది. అతనిది బటన్ల ఫోను. ఇంట్లో టచ్ ఫోను ఉన్నది భార్య దేవుడమ్మకే, అదీ డ్వాక్రా మీటింగుల కోసం. ఈ భూతాల సంగతి అతనికెలా తెలుస్తుంది? ఏడాది తిండంతా ఈ జీడిపిక్కల మీదే. పోయినేడు కోతుల మంద పడి పిందె మిగల్చలేదు. అందుకే ఈ ఏడు పూత రాగానే ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకున్నాడు. స్వామి కరుణించాడు, ఒక్క కోతి ఇటు తొంగిచూడలేదు. హమ్మయ్య అని తువ్వాలు పరుచుకుని నడుం వాల్చబోతే ఈ కుర్రాళ్ళు దిగారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. పిందె పట్టిన నాటి నుంచీ రోజూ పొద్దు పొడిచింది మొదలు గుంపులు గుంపులుగా రావడం, రాలిన పిక్కలు తొక్కడం, అరుపులు, ఈలలు.

"ఒరే వాసూ, అలిసిపోనాన్రా. నీకు దండం ఎడతాను. ఆ కోట తీసీరా."

"నా వల్ల అవదు బాబాయ్. ఇది నా స్థలం, ఇక్కడొద్దు అని ఓనరు రిపోర్టు కొట్టాలి."

"ఓనర్ని నానే కదేటి! కొట్టు!"

"నా ఆట పోద్ది బాబాయ్..." వాసు నసిగాడు.

సత్తిరాజు ఫోను లాక్కున్నాడు. "కొడతావా, దీన్ని నూతిలోకి గిరాటెయ్యమంటావా?"

వాసు కొట్టాడు. కాసేపటికి కోట మాయమైంది. కోట వెంటే భూతాలూ పోయాయి. ఆ వెంటే, తోటలో ఆ మూలా ఈ మూలా నక్కిన కుర్రాళ్ళందరూ తిట్టుకుంటూ బళ్ళెక్కి పోయారు.

ఎన్నాళ్ళకి ఆ నిశ్శబ్దం! సత్తిరాజు చెట్టు మొదట్లో కూలబడ్డాడు. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. ప్రాణం లేచొచ్చినట్టుంది.

దేవుడమ్మ అన్నం కేరేజీ పట్టుకుని వచ్చింది. వస్తూనే నాలుగు వైపులా చూసింది.

"కుర్రగుంటలేరీ?"

"తోలీసాను. ఇంక రారు. ఫోన్లో మన తోట మీద ఎవుడో కోట ఎట్టాడంటే! దాన్ని తీయించీసాను."

దేవుడమ్మ కేరేజీ కింద పెట్టేసింది. "తీయించీసావా?"

"మరేటనుకున్నావు! ఆ ఎట్టినోడు దొరకాలి గానీ, సెయ్యి ఇరగ్గొడతాను."

పైన కొమ్మ గట్టిగా ఊగింది. సగం కొరికిన జీడిపండు వచ్చి సత్తిరాజు ఒళ్ళో పడింది.

"ఎవుడ్రా అది, ఇంకా ఎల్లలేదా?" అంటూ కర్ర ఎత్తి పైకి చూశాడు.

కుర్రాడు కాదు, కోతి. దాని పొట్టకి కరుచుకుని పిల్లకోతి. మిగతా బలగమంతా కంచె దాటి, పిలిచిన పేరంటానికి వస్తున్నంత తీరిగ్గా వస్తోంది.

సత్తిరాజు కర్ర దించి భార్య వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ గుంటల గోలకే అవి ఇటు రాలేదు. సెపితే ఒప్పుకోవని సెప్పలేదు," అంటూ దేవుడమ్మ కుడిచెయ్యి చాపింది. "కోట ఎట్టింది ఈ సెయ్యేనయ్యా. ఇరగ్గొట్టు."