చిక్కుడు తీగ కింద సైకిలు

మదనపల్లెలో ఆదివారం ప్రార్థన రెండు గంటలు సాగుతుందని భరత్ ముందే కనుక్కున్నాడు. ప్రసంగం మొదలయ్యాక, అందరూ చర్చికి పోయే ఆ వీధిలో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. అతనికి కావలసింది పది నిమిషాలు.

రిటైరైన మాస్టారు జీవానందం ఇంటి ప్రహరీ పక్కన, చిక్కుడు తీగ కింద, చక్రాలు లేని పాత సైకిలు ఫ్రేము ఆనించి ఉంది. గేట్లకు వేసే పచ్చరంగు దానికి దట్టంగా పూశారు. దారిన పోయేవాళ్లకు అది తీగకు పెట్టిన ఊత. కారులోంచి చూసిన భరత్‌కు మాత్రం గుండె ఝల్లుమంది. ఎనభైల నాటి విదేశీ ఉక్కు మౌంటెన్ బైకు! మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఏ దొర వదిలిపోయాడో.

మాస్టారి ముఖం అతను ఎన్నడూ చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. తీగను కత్తితో కోసి, ఫ్రేమును డిక్కీలో పడుకోబెట్టాడు.

దీన్ని అతను దొంగతనం అనుకోలేదు. కుప్పంలో తన సైకిళ్ల క్లబ్బు వాట్సాప్ గ్రూపులో 'ఈరోజు ఒక అనాథను రక్షించాను' అని రాసుకున్నాడు. నలభై మంది చేతులు జోడించారు. వచ్చే నెల బెంగళూరులో పాత సైకిళ్ల ప్రదర్శన ఉంది. అక్కడ దీన్ని నిలబెట్టి కప్పు కొట్టాలన్నది అతని పథకం.

దారిలో కారు ఆపి, ఫ్రేము అడుగున ఉన్న నంబరును ఆకురాయితో అరగదీశాడు. ఇక దానికి ఊరూ పేరూ లేవు.

మరమ్మతుకు మదనపల్లె పనికిరాదు, ఎవరైనా గుర్తుపడతారు. కుప్పమూ పనికిరాదు, క్లబ్బువాళ్లు ముందే చూసేస్తారు. అందుకని పుంగనూరులో అలావుద్దీన్ అంగడికి వెళ్లాడు. ఒకప్పుడు పాత్రల అంగళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిన మనిషి. ఇప్పుడు పాత సైకిళ్లు బాగుచేస్తాడు.

"యాడ దొరికింది సార్?"

"తంబళ్లపల్లె పక్కన, పాత ఇనప సామాన్ల అంగట్లో. అంతా ఒరిజినల్‌గా ఉండాల భాయ్. మొదట్లో ఎట్లుండెనో అట్ల."

"అట్లే సార్. మొదట్లో ఎట్లుండెనో అట్లే."

మరునాడే ఫోను. "పచ్చరంగు గీకేసినా సార్. కింద నీలం ఉండాది."

"నాకు నలుపు కావాల."

"దీని అసలు రంగు నీలం సార్."

అసలు అనే మాట వింటే భరత్ కరిగిపోతాడు. నీలమే ఖాయమైంది.

అలావుద్దీన్ తుప్పు రాల్చాడు. వెనక గొట్టంలో పగులుంటే ఇత్తడి కరిగించి అతికించాడు. అతను అడిగినవన్నీ భరత్ బెంగళూరు నుంచి మోసుకొచ్చాడు, గేర్లు, పాతరకం బ్రేకులు, తోలు సీటు. ఒకరోజు అలావుద్దీన్ ముందువైపుకు బుట్ట కావాలన్నాడు.

"మౌంటెన్ బైకుకి బుట్టేంది భాయ్? కూరగాయలు తేవాల్నా?"

"బుట్ట తగిలిచ్చిన గుర్తులుండాయి సార్. వద్దంటే యిడిసేస్తా. ఒరిజినల్ కాదు, అంతే."

భరత్ బుట్ట తెచ్చాడు. బుట్ట ఎంత అరుదైన విషయమో గ్రూపులో ఒక పేజీ రాశాడు. నలభై మందీ ఔనన్నారు.

రెండో వారం అతని కారు మళ్లీ మదనపల్లెలో ఆ వీధిగుండా వెళ్లింది. గేటుకు అంటించిన కాగితం ఒకటి అప్పటికే ఎండకు వెలిసిపోయి ఉంది. 'పోయినది నా భార్య తొక్కిన సైకిలు. తీసుకున్నవారు తిరిగి ఇక్కడ పెట్టిపోతే చాలు. ఏమీ అడగను.' నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు.

భరత్ నవ్వుకున్నాడు. చిక్కుడుకాయలకు ఊతగా పెట్టి, ఇప్పుడు ప్రేమలేఖ!

ఆ సాయంత్రమే అలావుద్దీన్‌కు ఫోను చేశాడు. "ఫ్రేము మీద నా పేరు కొట్టు భాయ్. రేపెవుడూ నాదనకూడదు."

"పేరు ఉండాల్సిన చోట ఉంటాది సార్."

పని అయిపోయిందన్న రోజు భరత్ క్లబ్బు టీషర్టు వేసుకుని పుంగనూరు చేరాడు. అంగడి ముందు నీలంగా, బుట్టతో సహా మెరుస్తోంది సైకిలు. పక్కన స్టూలు మీద ఒక పొట్టి పెద్దాయన టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

భరత్ తన ఫోను ఆయన చేతికిచ్చాడు. "పెద్దాయనా, దీంతో నన్నొక ఫొటో తియ్యప్పా."

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, ఎండ ముఖం మీద పడకుండా అతన్ని కాస్త పక్కకు జరగమని, ఓపికగా మూడు తీశాడు.

భరత్ సీటెక్కాడు. మోకాళ్లు హ్యాండిలుకు కొట్టుకున్నాయి.

"ఏంది భాయ్ ఇది? సీటు రాడ్డు పైకి లేపు."

"లేయదు సార్. కొలతకి కోసేసినా."

"ఎవురి కొలతకి? సరే, నా పేరు యాడ కొట్టినావు?"

అలావుద్దీన్ వెనక చక్రం ఊడదీసి, సీటు కింది గొట్టాన్ని వెలుగుకు తిప్పాడు. అక్కడ మాత్రం రంగు లేదు. వట్టి ఉక్కు మీద, గిన్నెల మీద ఉన్నట్టే, చుక్కలు చుక్కలుగా పాత అక్షరాలు. 'ఫ్లోరా'.

"ఫ్లోరా ఎవురు?"

పెద్దాయన ఫోను తిరిగి అతని చేతిలో పెట్టాడు. "నా భార్యప్పా. ఏమీ అడగనని రాసినా, అడగను. ఆ తీగ మాత్రం కోయకుండా విప్పిపెట్టి పోయింటే బాగుండు. పూత మీద ఉండె."

భరత్ అలావుద్దీన్ వైపు తిరిగాడు.

"ఆయమ్మ స్టీలుది ఏది కొన్నా పేరు కొట్టిచ్చేది సార్, దీని మీద కొట్టింది నేనే," అన్నాడు అలావుద్దీన్ చేతులు తుడుచుకుంటూ. "పచ్చరంగు గీకిన పొద్దే మదనపల్లెకి పోయి మాస్టారి కాళ్ల కొలత తీసుకొచ్చినా."