మాట వచ్చిన దారి

“నాకూ చక్రికీ పెళ్లి కుదిరిందని మీకెవరు చెప్పిన్రు ఆంటీ?”

ఇంగ్లండులోని కోవెంట్రీలో కమలాదేవి ఇంటికి భోజనానికి వచ్చిన అపూర్వ, పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పక్కనే పప్పు వడ్డించుకుంటున్న చక్రి తల ఎత్తలేదు.

“మా ఆయనే చెప్పిండు.”

“మీకెవరు చెప్పిన్రు అంకుల్?”

కమలాదేవి భర్త పుల్లయ్య నవ్వాడు. “హిస్టరీ చదువుతున్నవా, పోలీసు ట్రైనింగా?”

“హిస్టరీయే. పాతకాలపు ముస్లిం పండితులు ఏ మాటనూ ఊరికే నమ్మేటోళ్లు కాదు. ఎవరు ఎవరికి చెప్పిన్రు, చెప్పినోళ్లు నిజం చెప్పేటోళ్లేనా, వాళ్లకు గుర్తుంటదా అని ఆరా తీసేటోళ్లు.”

“చక్రియే చెప్పిండమ్మా.”

చక్రి గరిటె వదిలేశాడు. “కుదిరిందని అనలే అంకుల్. అపూర్వను అడుగుదామనుకుంటున్ననని చెప్పిన.”

కమలాదేవి భర్త వైపు చూసింది. “చెవులు చూపించుకోమంటే వినవు.”

అపూర్వకు నవ్వు రాలేదు. పరిచయమైన ఈ రెండేళ్లలో చక్రి తనకు ఒక్క అబద్ధమూ చెప్పలేదని ఇప్పుడే గమనించినట్టు అతన్ని చూసింది.

“ఒక్క మాటను అసలు చెప్పిన మనిషి నోటనే వినడానికి ఆ పండితులు నెలల తరబడి ప్రయాణం చేసేటోళ్లు,” అంటూ అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నీ నోట వినడానికే నేను వచ్చిన. అడుగు.”