సోఫాలో పడ్డ జంతిక ముక్క

సామర్లకోటలో ఉంగరం పోతే ద్వారపూడిలో అప్పాజీకి చెమటలు పట్టాయి.

పోయింది జగన్నాథరావు పగడపుటుంగరం. అది పోయిన రోజు ఆ ఇంటికి వెళ్ళిన పైవాళ్ళు అప్పాజీ, ఆయన భార్య వీరవేణి మాత్రమే. కూతురు సత్యశ్రీకి జగన్నాథరావు కొడుకు గణేష్‌బాబుని అనుకుని, ఇల్లు చూసి రావడానికి వెళ్ళారు.

"ఇల్లంతా గాలించారటండి. గోడకున్న బల్లిని కూడా దులిపి చూశారట," అన్నాడు మధ్యవర్తి వీరబ్రహ్మం ఫోన్లో. "ఆయన పైకి ఏమీ అనలేదనుకోండి. కానీ ఆదివారం మీ ఇంటికి వచ్చేది పిల్లని చూడ్డానికేనంటారా?"

అప్పాజీకి ఆ ఇంట్లో తను కూర్చున్న సోఫా గుర్తొచ్చింది. తెల్లదుప్పటి పరిచిన ఆ సోఫాలో కూర్చోగానే నడుము దాకా మునిగిపోయాడు. వీరవేణి ఒక చెయ్యీ గణేష్‌బాబు ఒక చెయ్యీ పట్టుకుని, నూతిలోంచి చేదని తోడినట్టు పైకి లాగాల్సి వచ్చింది. అంత సోఫా ఉన్నవాళ్ళని తెచ్చి, తీగతో కుట్టిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడితే ఏమనుకుంటారు? లేనివాడు గనకే ఉంగరం నొక్కేశాడనుకోరూ? సంబంధం పోతే పోయె, సత్యశ్రీ దొంగ కూతురైపోతుంది.

కుర్చీలకి తీగ కుట్టింది వీరవేణే. ఆవిడ చేతిలో పడ్డ వస్తువుకి చావు లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి, బీరకాయ చెక్కు పచ్చడికి. చీర చిరిగితే సంచీ, సంచీ చిరిగితే మసిగుడ్డ. పంచాయతీ చెత్తబండి ఆ గుమ్మం ముందు ఆగి, ఈల వేసి వేసి విసుగెత్తి, "పోనీ మా దగ్గరేమైనా కావాలాండీ?" అని అడిగి పోయేది.

"ఒక్క పూటకి సోఫా అద్దెకి తెస్తానే," అన్నాడు అప్పాజీ.

"ఎవరి సోఫానో మనదని చెప్పడం దొంగతనం కాదేంటండీ?"

"మనదని ఎవరు చెప్తారు? కూర్చోమంటాం. అంతేగా!"

మండపేటలో వెంకన్నకి పాత సామాన్ల కొట్టుంది. రైసు మిల్లుల వాళ్ళు మోజు తీరి మార్చేసిన సోఫాలు, బీరువాలు, పందిరి మంచాలు అక్కడ చవగ్గా దొరుకుతాయి. ఆ చవక కూడా అందనివాళ్ళకి పూట అద్దెకిస్తాడు. అప్పాజీ ఒక్కొక్క సోఫా మీదా కూర్చుని లేస్తూ, చివరికి మూలనున్న ఆకుపచ్చ సోఫాలో నడుము దాకా మునిగాడు.

"ఇదే! ఇలాంటిదే!" అని లోపల్నుంచి కేకేశాడు.

వెంకన్న చెయ్యందించి బయటికి లాగాడు. "మంచి కన్నండి మీది. దీని మీద కూర్చుని మాట్లాడుకున్న సంబంధం తప్పిపోయిన దాఖలా లేదండి."

ఇంటికొచ్చిన సోఫాని చూసి వీరవేణి మొహం చిట్లించింది. "ఈ రంగేంటండీ, చెరువులో నాచులాగా!" అని, వెలిసిపోయిన పట్టుచీరలు కత్తిరించి, శనివారం సాయంత్రానికల్లా నిండుగా గలీబులు కుట్టి తొడిగేసింది.

ఆదివారం తండ్రీకొడుకులు వచ్చారు. జగన్నాథరావు సోఫాలో కూర్చున్నాడు, మునిగాడు, ఏదో గుర్తొచ్చినట్టు కనుబొమ్మలు ముడిచాడు. ఉంగరమే గుర్తొచ్చిందనుకుని అప్పాజీ గబగబా జంతికల పళ్ళెం ముందుకి తోశాడు. వచ్చినాయన చూపంతా అప్పాజీ వేళ్ళ మీదే ఉంది మరి.

"గలీబులు భలే ఉన్నాయమ్మా. ఎక్కడ కొన్నారు?" అన్నాడు జగన్నాథరావు జంతిక కొరుకుతూ.

"కొనడమేంటి అన్నయ్యగారూ, పాత చీరలేనండి. మా ఇంట్లో చిన్న ముక్క కూడా పారెయ్యం," అంది వీరవేణి.

సరిగ్గా అప్పుడే జంతిక ముక్క ఒకటి విరిగి సోఫా సందులో పడింది. చిన్న ముక్క కూడా పారెయ్యని ఇల్లాయె! జగన్నాథరావు మొహమాటపడి సందులోకి చెయ్యి పోనిచ్చాడు. మోచెయ్యి దాకా పోయింది. బయటికి తీసేసరికి, జంతిక ముక్కకి బదులు పగడపుటుంగరం వచ్చింది.

కాఫీ గ్లాసులతో వస్తున్న సత్యశ్రీ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అనుకున్నాను!" జగన్నాథరావు లేవబోయి మళ్ళీ మునిగాడు. గణేష్‌బాబు పట్టుకుని లాగితే లేచాడు. "మా ఇంట్లో నా పక్కనే కూర్చుని, నా ఉంగరం కొట్టేసి తెచ్చి, నీ సోఫాలో దాస్తావా? పద పోలీస్ స్టేషన్‌కి!"

"నాన్నా, ఒక్కమాట... నాన్నా!" గణేష్‌బాబు తండ్రి చొక్కా పట్టి గుంజుతున్నాడు.

"నువ్వుండరా! సంబంధం లేదు, ఏమీ లేదు!"

అప్పాజీ మనసులోనే లెక్క వేసుకున్నాడు. సోఫా తనదంటే దొంగ. కాదంటే పరువు గోదాట్లో కలుస్తుంది. తలుపు పక్కన సత్యశ్రీ కళ్ళు నిండిపోయి ఉన్నాయి. దొంగ కూతురు కావడం కంటే లేనివాడి కూతురు కావడమే నయమనిపించింది ఆయనకి.

"అయ్యా! ఆ ఉంగరం ఇందులోకి ఎలా వచ్చిందో భీమేశ్వరస్వామికే తెలియాలి. అసలు ఈ సోఫా మాది కాదండి. మిమ్మల్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడానికి మొహం చెల్లక, మండపేటలో వెంకన్న కొట్టు నుంచి పూట అద్దెకి తెచ్చానండి!"

జగన్నాథరావు ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండిపోయింది. వంగి గలీబు అంచు పైకి తీసి, కింద ఆకుపచ్చ రంగు చూశాడు. కొడుకు వైపు చూశాడు. గణేష్‌బాబు తలకొట్టుకున్నాడు.

ఆయన గబగబా ఉంగరం వేలికి తొడుక్కుని, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, అప్పాజీ భుజం మీద చెయ్యేశాడు.

"కాస్త మెల్లిగా అనండి బావగారూ! మీరు నయం, గలీబులు ఇంట్లోనే కుట్టుకున్నారు. మా దగ్గర ఆ వెంకన్న తెల్లదుప్పటికి కూడా వేరే అద్దె గుంజాడు!"