ముదీర్ గదిలో స్వాహిలి

"గదేం బాస రా, డబ్బాల రాళ్లేసి ఊపినట్టు!"

హన్మాండ్లు ఎగతాళికి కూలీలంతా గొల్లున నవ్వారు.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. షార్జా రేవు పక్కన గోడౌన్. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ జుమా పడవవాళ్లతో స్వాహిలిలో మాట్లాడుతున్నాడు. వాళ్లలో ఒకడిది మొంబాసా, ఒకడిది సోమాలియా, ఇంకొకడిది కొమొరో దీవులు. ముగ్గురినీ కలిపేది ఆ ఒక్క భాషే.

పంజాబీలతో, మలయాళీలతో హన్మాండ్లు వచ్చీరాని హిందీలో నెట్టుకొస్తున్నదీ అట్లాగే. కానీ గురివింద గింజకు తన నలుపు తెలుస్తుందా?

జుమా నొచ్చుకోలేదు. హన్మాండ్లు చేతిలో టెలిగ్రాం చూశాడు.

"క్యా హువా?"

"బీవీకా ఆపరేషన్. ముదీర్ పాస్‌పోర్ట్ నహీ దేతా."

హన్మాండ్లు ముఖం తిప్పుకున్నాడు. గోడౌన్ మొత్తానికి పెద్ద ఆ ముదీర్. రెండుసార్లు కాళ్లావేళ్లా పడినా కరగలేదు. ఈ ముసలోడికి చెప్పి ఏం లాభం?

మర్నాడు పిలుపొచ్చింది. పాస్‌పోర్ట్ చేతిలో పెట్టారు. నెల సెలవు.

"చూసిండ్రా నా హిందీ తాకత్!"

గేటు దగ్గర జుమా మూట కట్టుకుంటున్నాడు. హన్మాండ్లును చూసి నవ్వి, తన భాషలోనే ఏదో దీవెనలాగా అన్నాడు. హన్మాండ్లు దాన్ని వెక్కిరించి బండెక్కాడు.

ముదీర్ డ్రైవర్ నూర్ మొహమ్మద్, నెల్లూరాయన, ఎయిర్‌పోర్టుకు బండి తోలుతున్నాడు.

"ముసలోన్ని ఎందుకు ఎల్లగొట్టిండ్రు నూర్ భాయ్?"

"నీ కోసరమే."

"నా కోసమా?"

"నిన్న ముదీర్ గదిలో పెద్ద పెద్ద అరబ్బులు కూర్చోనుండారు. జుమా నేరుగా లోపలికి పోయి, నీ పాస్‌పోర్ట్ ఇమ్మని స్వాహిలిలో అడిగినాడు. ముదీర్ మొహాన నెత్తురు చుక్క లేదు. జుమా నోరు మూయించేదానికి పాస్‌పోర్ట్ బల్ల మీద పడేసినాడు. ఆనెక జుమాకు ఖలాస్ చెప్పినాడు."

"ముదీర్‌కు గా బాస ఎట్ల సమజైంది?"

"వాళ్లింట్లో అదే భాష. జాంజిబార్లో పుట్టినోళ్లు. తెలిస్తే పరువు పోతుందని దాస్తాడు. నలుగురిలో తనతో ఆ భాష ఎత్తనని ఒట్టేయించుకునే జుమాకు గేటు దగ్గర చోటిచ్చినాడు."

హన్మాండ్లు తల వాలిపోయింది. పొద్దున వెక్కిరించిన తన నాలుకే తనకు చేదనిపించింది.

"గంత పెద్ద ముదీర్‌ని ఎదిరిచ్చెటందుకు... గాయన ఎవరు భాయ్?"

నూర్ మొహమ్మద్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ముదీర్‌ను చంకనేసుకొని పెంచిన సొంత అన్న."