వెల్లకిలా పడిన సాలీడు

ఆ అపార్టుమెంట్లలో చప్పుడు చెయ్యని జీవాలనే పెంచుకోనిస్తారు. అందుకే ఇంటింటా టరాంటులా సాలీళ్ళు కనిపిస్తాయి. దేనికైనా జబ్బు చేస్తే గోడలోని కన్ను పసిగడుతుంది, బండి వచ్చి తీసుకుపోతుంది. అలా పోయినదేదీ తిరిగి రాలేదు.

ఆ ఉదయం సుభాషిణి గాజుపెట్టెలోకి చూసేసరికి ఆమె సాలీడు వెల్లకిలా పడి ఉంది.

"రోగం గుర్తించాం. బండి వస్తోంది," అంది గోడ.

"చచ్చిందేమోనే," అన్నాడు భర్త భానోజీ.

"ఊరుకోండి! కుబుసం విడుస్తోంది, అందుకే వెల్లకిలా పడుకుంది. ఇప్పుడు ఒళ్ళు వెన్నముద్దలా ఉంటుంది, ముట్టుకోకూడదు."

"ఆ ముక్కేదో గోడకి చెప్పు!"

చెప్పింది, బతిమాలింది. వెల్లకిలా ఉంటే రోగం, బోర్లా ఉంటే ఆరోగ్యం. గోడకు తెలిసింది అంతే. వరండాలో చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

వెనక భానోజీ చెంచాతో సాలీడును మెల్లగా బోర్లా తిప్పేశాడు.

"ఆరోగ్యం బాగుంది," అంది గోడ, పచ్చదీపం వెలిగించి. బండి వెనక్కి మళ్ళింది.

"చూశావా, బతికించాను!" అన్నాడతను చెమట తుడుచుకుంటూ.

ఆమె పెట్టె మీదికి వంగింది. చిట్లిన లేత ఒంట్లోంచి నీరులాంటి రక్తం కారుతోంది. ఎనిమిది కాళ్ళూ ఒక్కొక్కటే పొట్ట కిందికి ముడుచుకుపోతున్నాయి. గోడ మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.